హీట్ స్లీవ్ తొడిగాక

"మళ్ళీ మీరేనా?"

వ్యాను బానెట్ ఎత్తుతూ అడిగింది వైరింగమ్మాయి. షెడ్డు వాళ్ళ నాన్నది. ఇంజన్ల పని ఆయన చూసుకుంటాడు, వైర్ల పని ఆమెది.

"నేను కాదండీ, నా బండి," అన్నాడు బ్రెడ్ వ్యాను అబ్బాయి. "నన్నైనా వదులుతుందేమో గానీ మిమ్మల్ని వదిలేట్టు లేదు."

"మాటలకేం తక్కువ లేదు. స్టార్టర్ వైరు మళ్ళీ కరిగింది."

ఆ వైరు సైలెన్సర్ గొట్టాన్ని రాసుకుంటూ పోతుంది. ఎంత టేపు చుట్టినా ఆ సెగకి జిగురు కారి, టేపు ఊడి, వైరు మాడుతుంది. వేడిని తట్టుకునే హీట్ స్లీవ్ తొడగాలి. ఆ సైజు దొరక్క ఇన్నాళ్ళూ టేపుతోనే నెట్టుకొచ్చింది. వారం తిరక్కుండా అతను రావడం, పక్కన నిలబడి కబుర్లు చెప్పడం, ఆమె విసుక్కున్నట్టు నటించడం ఇద్దరికీ అలవాటైపోయింది.

నిజానికి స్లీవ్ ఆ పొద్దున్నే వచ్చింది. విప్పని ప్యాకెట్టు సొరుగులో పాత గుడ్డ కింద ఉంది. దానంతటది అక్కడికి నడిచి వెళ్ళలేదు, దాచింది ఆమే. అది తొడిగితే ఏళ్ళ తరబడి ఆ వైరుకి ఢోకా లేదు. అప్పుడీ మనిషి ఏ వంకతో వస్తాడు?

"స్లీవ్ వచ్చిందా?"

"రాలేదు," అనేసి టేపు అందుకుంది. చెవులు వేడెక్కాయి.

"పర్లేదు లెండి. నిన్న కొండదారి ఎక్కుతుంటే బానెట్‌లోంచి కాస్త పొగొచ్చింది, అంతే. బ్రెడ్డు ఫ్రీగా టోస్టయిపోతుందనుకున్నా!" అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. టేపు పక్కన పడేసి సొరుగు లాగింది.

"రాలేదన్నారుగా?"

"వచ్చింది. కాసేపు నోరు మూసుకుంటారా?"

కొత్త వైరు వేసి, స్లీవ్ తొడిగి, గొట్టానికి ఎడంగా జరిపి క్లిప్పులు బిగించింది. పక్కనున్న నీళ్ళ హోస్‌కి కూడా అడక్కుండానే తొడిగింది. బానెట్ దించి, అతని మొహం చూడకుండా అంది.

"ఇంక మీరు రానక్కర్లేదు."

"అస్సలా?"

"అస్సలు."

అతను బండెక్కి వెళ్ళిపోయాడు.

వానలు పట్టుకున్నాయి. రేకుల మీద అంత మోతలోనూ బయట ఏ వ్యాను ఆగినా ఆమె తల గుమ్మం వైపు తిరిగేది. ఏ ఒక్కటీ అతనిది కాదు. రావట్లేదంటే వైరు బాగుందన్నమాట, సంతోషించాలి కదా అని మనసుకి సర్దిచెప్పుకునేది. మనసు వింటేగా! తన చేతిపని చెడిపోవాలని ఏ పనిమంతురాలూ కోరుకోదు. ఈమె మాత్రం కోరుకోబోయి, కొండదారి గుర్తొచ్చి, లెంపలు వేసుకుంది.

ఒక సాయంత్రం వాన ఇంకా వెలవకముందే బ్రెడ్ వ్యాను షెడ్డులోకి వచ్చి ఆగింది. ఆమె టార్చి పట్టుకుని పరిగెత్తింది. బానెట్ ఎత్తి అంతా తడిమి చూసింది. ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఏమైంది? ట్రబులేంటి?"

"ఏం లేదండీ."

"మరెందుకొచ్చారు?"

దారిలో ఎక్కడో వానలో దిగినట్టున్నాడు, అతను నిలువునా తడిసి ఉన్నాడు. కబుర్లపోగు ఈసారి నవ్వకుండా, ఎత్తిన బానెట్ వంకే చూస్తూ చెప్పాడు.

"ఒక్క క్లిప్పు ఊడదీస్తే చాలు, వైరు మళ్ళీ మాడుతుంది, మళ్ళీ రావచ్చు అనుకున్నా. చాలాసార్లు బానెట్ ఎత్తాను. నాకేమీ కాకూడదని మీరు బిగించినవి, ఊడదీయడానికి చెయ్యి రాలేదు. ఇంక వంకలేవీ దొరకలేదు. మిమ్మల్ని చూడకుండా ఉండలేక ఊరికే వచ్చేశా."

"ఈ ముక్క చెప్పడానికి ఇన్నాళ్ళా? ఇక్కడ ప్రతి హారన్‌కీ గుమ్మంలోకి పరిగెత్తి చస్తున్నాను!" కళ్ళు తుడుచుకోబోతే బుగ్గంతా గ్రీజయింది.

పక్కనున్న కారు కింద నుంచి వాళ్ళ నాన్న గొంతు వినిపించింది.

"అమ్మా, ఆ బండికి పనేమన్నా ఉందా?"

"లేదు నాన్నా."

"మరి ఆ అబ్బాయిని షెడ్డులో నిలబెట్టావేం? ఇంట్లోకి తీసుకెళ్ళు. నువ్వు తిండి మానేసింది ఎవరి కోసమో మీ అమ్మ కూడా చూడాలిగా."