కోటు కొలత

పొద్దున్నే నాన్న టీ కప్పు ముందు పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. చిట్టి ఎదురుగా కూర్చుంది. బయట అందరికీ ఆమె డాక్టరమ్మ. నలభై రెండేళ్ళొచ్చినా ఇంట్లో మాత్రం చిట్టే. మందులివ్వకుండా మాటలతోనే వైద్యం చేసే డాక్టరమ్మ, మనసులో బాధ ఒంట్లో ఎక్కడ పట్టేసిందో మనుషుల చేతే వెతికిస్తుంది. అమ్మ పోయి పది నెలలైంది. మూడో కుర్చీని ఇద్దరిలో ఎవరూ తీసెయ్యలేదు.

"నిద్ర పట్టిందా నాన్నా?"

"పట్టింది."

"అమ్మ గుర్తొచ్చినప్పుడు ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?"

"మోకాళ్ళలో. మెట్లెక్కితే ఇంకా బాగా తెలుస్తోంది."

ఆమె నవ్వలేదు. "మాట దాటెయ్యకు నాన్నా. ఒక్కసారి కళ్ళు మూసుకుని..."

ఆయన కప్పు ఠక్కున బల్లమీద పెట్టాడు. "రేపు పొద్దున బస్సుకి మీ అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నా."

"ఎన్నాళ్ళకి?"

"ఇక అక్కడే ఉంటా."

ఆమె క్లినిక్‌కి టైమైపోతోందని లేచింది.

మధ్యాహ్నం ఒక స్కూలు టీచరు వచ్చింది. చెల్లెలు పోయిన సంగతి నవ్వు మొహంతో గబగబా చెప్పేస్తోంది.

"కాసేపు మాట ఆపుదామా?" అంది చిట్టి. "మీ చెయ్యి గొంతు మీదికి వెళ్ళింది చూడండి. అక్కడే ఉంచండి. ఎలా ఉంది?"

"ముడి పడినట్టుంది."

"విప్పక్కర్లేదు. దానితోనే కాసేపు ఉందాం."

చెబితే అర్థం కావడం వేరు, అనుభవంలోకి రావడం వేరు అని చిట్టికి గట్టి నమ్మకం. కాసేపటికి టీచరు భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. తేలికపడ్డ మొహంతో లేస్తూ, "మీకెవరున్నారు డాక్టరమ్మా, ఇలా పక్కనుండడానికి?" అని అడిగింది.

చిట్టి నవ్వి తలుపు తీసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న టేపు మెడలో వేసుకుని ఉన్నాడు. నలభై ఏళ్ళు టైలరుగా బతికిన మనిషి. కుట్టు మిషను మీద నీలం ఉన్ని గుడ్డ ఉంది.

"మీ అమ్మ నీ కోటుకని కొన్నది. కొలతలు పట్టుకెళ్ళి అక్కడ కుట్టి పంపిస్తా. నిలబడు."

"నన్నొదిలేసి పోతూ కోటెందుకు? నేనేం తప్పు చేశాను? ఎలా ఉన్నావని రోజూ అడుగుతున్నానుగా!"

"అడుగుతున్నావు, డాక్టరు అడిగినట్టు! నాకు డాక్టరెందుకే? అమ్మ పోయిన నాలుగో రోజుకే పనిలోకి వెళ్ళావు. నేనేడిస్తే చేతికి రుమాలిచ్చి ఎదురుగా కూర్చున్నావు. నాతో కలిసి ఏడ్చే మనిషేదీ? మీ అమ్మ కోసం నేనొక్కణ్ణే ఏడవాలా?"

చిట్టి వెళ్ళి నిలబడింది. ఆయన భుజాలు కొలిచాడు. పాత కొలతల పుస్తకం తిరగేసి మళ్ళీ కొలిచాడు.

"ఎడమ భుజం పైకెక్కింది. అరంగుళం." టేపు ఛాతీ చుట్టూ తిప్పాడు. "ఊపిరి వదులు."

"వదిలాను."

"వదల్లేదు. టేపు పట్టుకున్నవాణ్ణి, నాకు చెప్తావా?"

ఆమె మళ్ళీ వదలబోయింది. సగంలోనే ఆగిపోయింది. రోజూ ఎందరి చేతో ఊపిరి తీయించి వదిలించే మనిషికి తన ఊపిరి ఎక్కడ ఆగిందో ఇన్నాళ్ళూ తెలియనేలేదు. నాన్న తొందరపెట్టలేదు. టేపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి బిగబట్టావమ్మా?" అన్నాడు మెల్లగా.

"అమ్మ..." అంది. నాన్న భుజం మీద తల పెట్టి, చిన్నప్పుడు ఏడ్చినట్టు బావురుమంది. టేపు జారి కింద పడింది. ఆయన కూడా ఏడ్చాడు. పది నెలల్లో ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి.

చాలాసేపటికి ఆయన ముక్కు తుడుచుకుని, కొలతల పుస్తకం మూసేశాడు.

"ఇవాళ్టి కొలత పనికిరాదు. ఇలా ఎక్కిళ్ళు పెడుతుంటే కొలిస్తే కోటు బిగుతైపోతుంది. రేపు తీసుకుందాంలే."

"రేపు పొద్దున నీ బస్సుందిగా నాన్నా."

"బస్సులు రోజూ ఉంటాయి," అన్నాడాయన, కింద పడ్డ టేపు తీసి చుడుతూ.