రక్తకాపరి అడగని డబ్బా

"ఆ బిళ్ల పడకపోతే ఏటే? గుండె ఆగిపోతే ఏటి సేసేది?"

హైమ ఇంకా బిళ్ల నోట్లో వేసుకోనే లేదు, తల్లి వరహాలమ్మకు అప్పుడే భయం పట్టుకుంది.

"రోజూ వేసుకునేదేనమ్మా. ముందు నీళ్లియ్యి."

విశాఖకు ఎదురుగా, సముద్రం అడుగున గాజు గోపురాల కింద వెలసిన ఊరది. హైమ అక్కడ పంపుల ఇంజనీరు. ఆ ఊళ్లో బీపీ ఉన్నవాళ్లందరికీ మణికట్టు చర్మం కింద బియ్యపుగింజంత 'రక్తకాపరి' ఉంటుంది. మింగిన మందు నెత్తురులో దేనితో కలిసి ఏం చేస్తోందో కనిపెట్టి, గోడలోని స్పీకరు ద్వారా చెబుతుంది.

"ఆ బిళ్ల వేసుకోవద్దు!" అందది ఉన్నట్టుండి. "నెత్తురులో పొటాషియం ప్రమాదస్థాయికి చేరింది. మీ బీపీ మందు దాన్ని ఒంట్లోంచి తేలిగ్గా పోనివ్వదు. గుండె లయ తప్పవచ్చు. అంబులెన్సును పిలిచాను. సప్లిమెంట్లేమైనా వాడుతున్నారా? విటమిన్లు, పొడులు, లేహ్యాలు?"

"సీమ తలకాయంత గుళిక కూడా లేదు! నేను కాపలా ఉండగానా?" అంది వరహాలమ్మ.

హైమ కుర్చీలో కూలబడింది. వరహాలమ్మ కాళ్లు ఒకచోట నిలవలేదు. "ఎక్కణ్ణించొచ్చిందో తేల్చందే ఊరుకోను" అని కొంగు బిగించి, వంటింటి డబ్బాలన్నీ గోడకున్న కెమెరా ముందుకు తెచ్చింది.

కందిపొడి కాదంది రక్తకాపరి. ఉసిరి పచ్చడి కాదంది. మునగాకు పొడిలో కొంచెం ఉంది గాని ఇంత పని చెయ్యదంది.

"ఆ తెల్ల డబ్బా?"

"అది ఉప్పు. మందేటి? బీపీవోళ్లకని ఏరికోరి తెప్పించాను. మామూలు ఉప్పుని ఈ గడప తొక్కనివ్వలేదు!"

"అందులో సోడియం తగ్గించి పొటాషియం కలిపారు. ఈ మందు వాడేవాళ్లు డాక్టరునడక్కుండా తినకూడదు. ఉప్పు గురించి అడగాలని నాకెవరూ నేర్పలేదు."

వరహాలమ్మ చేతిలో డబ్బా జారి నేలంతా తెల్లబడింది.

సాయంత్రానికి ఆసుపత్రిలో తెర మీద గుండె గీత కుదుటపడింది. గండం గడిచిందని డాక్టరు చెప్పి వెళ్లాక, వరహాలమ్మ మంచం అంచున కూచుంది.

"ఆ ఉప్పేసిన పులుసు నాకే సేదుగా తగిలేది. నా నోరే బాగోలేదనుకున్నాను. నువ్వు మారడిగి మరీ తిన్నావు. సేదుందని ఒక్కపూటైనా సెప్పలేదేటే?"

హైమ తల తిప్పి బయటికి చూసింది. గాజు గోపురం అవతల ఒక చేపల గుంపు మొత్తం దాటిపోయింది.

"సేదంటే," అంది చివరికి హైమ, "నాలిక్కేదో రోగమొచ్చిందని నువ్వు బెంగెట్టేసుకుంటావనమ్మా."