వేలాడే వంతెన మీద లెక్క

ఆ వేలాడే వంతెనకి పేరు చెడి ఏడాది దాటింది. నూలు మిల్లుకీ, కార్మికుల క్వార్టర్లకీ మధ్య కాలవ... కాలవ మీద రెండు ఇనుప తాళ్ళు, వాటికి వేలాడుతూ చెక్కలు. పగలు చిన్నపిల్లలు కూడా దాటేస్తారు. రాత్రి రెండో షిఫ్టు వదిలాక మాత్రం, మీసాలున్న మగాళ్ళు కూడా అక్కడ గొంతు తగ్గించేస్తారు.

సరిగ్గా నడుమకి రాగానే వంతెన ఊగుతుంది. ఆకు కదలని రాత్రి కూడా ఊగుతుంది.

ఊపుతున్నదెవరో అందరికీ తెలుసట! నిరుడు వానాకాలంలో దారం చుట్టే మిషన్ల దగ్గర పనిచేసే పిల్ల ఒకతె షిఫ్టు దిగి అందరితో కలిసి వస్తుంటే వంతెన ఉన్నట్టుండి ఊగింది, ఆ పిల్ల కాలవలో పడి చనిపోయింది. అక్కడ ఒంటరిగా ఉండలేక తోడుకి మనుషుల్ని లాగుతోందన్నారు.

ఆ మాట విన్నప్పుడల్లా ఆ పిల్ల చెల్లెలికి ఒళ్ళు మండేది. చెల్లెల్ని మిల్లులో అందరూ ‘మైకు’ అంటారు. మిషన్ల హోరులో కూడా ఆ చివర నుంచి ఈ చివరకి వినపడే గొంతు మరి. ఒళ్ళు మండితే ఊరుకునే రకం కాదు మైకు. కానీ ఎవరి మీద అరవాలి? భయం తనకీ ఉంది. పైగా అందర్నీ వంతెన దాటించేది తనే.

ముప్ఫైమంది ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వరసగా నిలబడేవాళ్ళు. ముందు లెక్క పిలుస్తూ మైకు. “ఎడమ... కుడి... ఎడమ... కుడి...” అందరి కాళ్ళూ ఒక్కసారే పడాలి. అడుగు తప్పినవాళ్ళని అది పట్టుకుంటుందని నమ్మకం. అంత జాగ్రత్తగా వేసినా నడుమకొచ్చేసరికి చెక్కలు పైకి లేచేవి... మైకు ఇంకా గట్టిగా పిలిచేది. వంతెన ఇంకా గట్టిగా ఊగేది.

వాళ్ళమ్మ పరిస్థితి మరీ ఘోరం. కుళాయి దగ్గర ఆమె బకెట్ పక్కన ఇంకొకరు బకెట్ పెట్టడం మానేశారు. ‘లాగేదాని తల్లి’ అని వెనకనుంచి గుసగుసలు. ఒకరోజు కంచం ముందు కూర్చుని, చెయ్యి ఆడక, అడిగింది.

“బతికుండగా అది ఎవర్నైనా ఒక్క మాటన్నదా? పోయాక ఎందుకే ఇలా చేస్తోంది?”

మైకు అక్కనే అడిగి తేల్చుకుందామనుకుంది.

ఆ రాత్రి ఓవర్‌టైం ఉందని అబద్ధమాడి, లెక్క పిలిచే పని ఇంకొకరికి అప్పజెప్పి, మిల్లు గేటు దగ్గరే ఆగిపోయింది. అవతలి ఒడ్డున ఆఖరి మాట కూడా సద్దుమణిగాక వంతెనెక్కింది.

ఒక్కతే. లెక్క లేదు. ఒక చెక్క... ఇంకో చెక్క... కింద నీళ్ళ చప్పుడు. చీకట్లో ఒక అడుగు పొడుగ్గా, ఒకటి పొట్టిగా పడుతోంది. నడుమకొచ్చింది. నిలబడింది.

వంతెన ఊగలేదు.

“అక్కా...” అంది. “నేనే...”

ఏమీ లేదు. భయపడాల్సిన చోట ఏడుపొచ్చింది. అక్క తన మీద అలిగిందేమో, అందుకే పలకడం లేదేమో అనిపించింది.

అప్పుడు — వెనక ఒక చెక్క కిర్రుమంది.

ఇంకొకటి...

చల్లటిదేదో భుజానికి తగిలింది. అంత గొంతున్న మనిషికీ అరుపు బయటికి రాలేదు.

“ఈ వేళప్పుడు ఒంటరిగా ఇక్కడేం పనే నీకు?”

ఫిట్టర్ మామయ్య. ఆయన ఏ వరసకీ కాదు, మిల్లంతటికీ మామయ్యే. ఏదో మిషన్ మరమ్మతు ముగించి ఇంటికి పోతున్నాడు. తగిలింది ఆయన చేతిలోని టిఫిన్ క్యారియర్.

సంగతంతా విన్నాడు. నవ్వలేదు. జేబులోంచి తాడుముక్క తీసి క్యారియర్‌ని కట్టి వేలాడదీశాడు. ఒక్క వేలితో మెల్లగా తోశాడు. అది వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ బయల్దేరబోయే క్షణానికి మళ్ళీ వేలు. పదిసార్లయ్యేసరికి అంత బరువైన క్యారియర్ ఛాతీ ఎత్తుకి ఊగిపోయింది. తర్వాత వేళాపాళా లేకుండా తోశాడు. నాలుగు ఊపులకే చతికిలబడింది.

వేలాడే ప్రతిదానికీ తనదంటూ ఒక ఊపు ఉంటుందనీ, దానికి సరిపడే వేళకి తగిలితే వేలైనా చాలనీ చెప్పాడు. ముప్ఫైమంది అడుగు కలిపి వేస్తే ఇక చెప్పాలా! ఇదివరకు వంతెనని ఒడ్లకి లాగి కట్టిన తీగలుండేవి. ఊపు పుట్టినా అవి చంపేసేవి. రెండేళ్ళ కిందటి వరదకి తెగిపోతే ఆఫీసువాళ్ళు మళ్ళీ కట్టించలేదు.

“దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. నువ్వు లెక్క పిలువు, చూపిస్తాను.”

ఇద్దరూ నిలబడ్డ చోటే అడుగులేశారు. ఎడమ... కుడి... ఎడమ... కుడి... ముప్ఫై నలభై అడుగులయ్యాక చెక్కలు కాళ్ళ కింద మెల్లగా లేవడం మొదలెట్టాయి.

మైకు చటుక్కున నోరు మూసేసింది.

ఇక నిశ్చింతగా ఉండమని, వెళ్ళి అమ్మకి చెప్పమని, ఇంటి దాకా మామయ్య సంతోషంగా మాట్లాడుతూనే ఉన్నాడు.

అమ్మ మేలుకునే ఉంది. మైకు అంతా చెప్పింది — వేలు, ఊపు, తెగిన తీగలు, లెక్క. అమ్మ మొహంలోకి ఏడాది తర్వాత వెలుగొచ్చింది. తెల్లారగానే కుళాయి దగ్గర ఒక్కొక్కరినీ నిలబెట్టి చెబుతానంది. తన పెద్దకూతురు ఎవర్నీ లాగలేదని పదిసార్లు అంది, పదిసార్లూ కళ్ళు తుడుచుకుంది.

దీపం ఆర్పబోయి ఆగింది.

“మరి అది పడిన రాత్రి ఎందుకూగిందే? మీ లెక్క... అది పోయాక, భయపడి మొదలెట్టిందే కదా?”

మైకు గోడవైపు తిరిగింది.

“కాదమ్మా. ఆ రాత్రి వాన... చెక్కలు జారుతున్నాయి. అందరూ జాగ్రత్తగా నడవాలని... ఆ రాత్రే మొదటిసారి పిలిచాను.”