గనిదుమ్ము అనుకున్నది

బెల్లం డబ్బా మళ్ళీ ఖాళీ! సాయంత్రం వంటకు కూర్చోబోతూ డబ్బాలోకి చూసిన గంగులమ్మ గోడకు చేరగిలబడిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి... బెల్లం పోయినందుకు కాదు! ఈ ఇంట్లో బెల్లం ఇలా అయిపోయిన రోజులు ఆమెకు గుర్తున్నాయి. మామ నరసింహప్ప బంగారు గనిలో పని ముగించి పైకి రాగానే ముందు ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. గొంతులోని రాతిదుమ్మును బెల్లమే కడుగుతుందని కార్మికులు కాపురముండే లైన్లలో అందరి నమ్మకం. ఎంత తిన్నా ఆ దుమ్ము ఆయన ఊపిరితిత్తులను వదల్లేదు. దగ్గి దగ్గి, పడుకోవడానికి కూడా నోచుకోక, కూర్చునే ప్రాణం విడిచాడు.

ఇప్పుడు గనులు మూతపడ్డాయి. భర్త గోపాలప్ప తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు ఫ్యాక్టరీకి పోయి, ఊరు సద్దుమణిగాక వస్తాడు. ఇంట్లో ఉండేది తను, అత్త చిన్నవెంకటమ్మ, కాలేజీలో పీయూసీ చదివే కొడుకు మునిరాజు. ఆ మునిరాజు కళ్ళు ఉగాది నుంచీ ఎర్రగా ఉంటున్నాయి. పొడిదగ్గు. ఇంటికి రాగానే ఏది దొరికితే అది తినడం, ఆపైన బెల్లం, ఆపైన గదిలో పడి పిలిచినా పలకకపోవడం. గది నిండా అగరొత్తుల పొగ! మనవడికి భక్తి కుదిరిందని అత్త మురిసిపోతుంటే గంగులమ్మ కాదనలేదు. ఏ తల్లి కాదంటుంది?

కానీ ఆ కళ్ళు, ఆ దగ్గు, ఆ బెల్లం! మూసిన గనిలో దొంగచాటుగా దిగి బంగారపు రాయి ఏరుకొచ్చే గుంపులో కొడుకు చేరాడని ఆమె గుండె చెప్పింది.

"మునీ, ఇట్ల రా నాయనా. నా తలమీద చెయ్యి పెట్టి చెప్పు. గనిలోకి పోతా ఉండావా?"

"లేదుమా."

"సైనైడ్ దిబ్బల కాడికి?"

"నీమీద ఒట్టుమా! ఆ పక్కకే పోలేదు నేను."

కన్నతల్లికి కొడుకు గొంతులో నిజం తెలియదా? తెలిసింది. నిజంగా నిజమే చెప్పాడు వాడు! అయితే గని రాతిపొడి పోసిన ఆ దిబ్బల మీద నుంచి గాలికొచ్చే దుమ్మే అయ్యుంటుందనుకుని, అంగడి నుంచి పెద్ద బెల్లం అచ్చు తెప్పించి పెట్టింది. తెలివి తెల్లారినట్టే ఉంది మా గంగులమ్మది!

దగ్గు తగ్గలేదు. చివరికి డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. ఎక్స్‌రే చూసి ఆమె, "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి" అనగానే గంగులమ్మ రెండు చేతులూ జోడించేసింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. పిల్లవాణ్ణి బయట కూర్చోమని పంపింది.

"పాత స్నేహితులు ఇంటికి వస్తున్నారా?"

పక్కింటి బచ్చప్ప కొడుకు రోజూ వాలీబాల్‌కు పిలవడానికి వచ్చేవాడు. ఎప్పుడు మానేశాడో గంగులమ్మకు గుర్తు రాలేదు.

"కారణం లేకుండా నవ్వడం, తీపి కోసం ఆవురావురుమనడం, తర్వాత మబ్బుగా పడుండడం ఉందా? గదిలో ఏదైనా వాసన కప్పెట్టడానికి..."

"అగరొత్తులు..." అంది గంగులమ్మ.

"వీటిలో ఏ ఒక్కటో చూసి అనుమానపడకూడదమ్మా. పరీక్షల భయమున్నా, దిగులున్నా పిల్లలు ఇలాగే ఉంటారు. అన్నీ కలిసి కనిపిస్తే మాత్రం అడగాలి. గంజాయి తాగుతున్నాడేమో... కొట్టకుండా అడగండి."

గంజాయి! దుమ్మే అయ్యుంటే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది ఆ తల్లికి. ఎంత పాపిష్టి ఆలోచన! కానీ దుమ్ము రోగమైతే ఆమెకు తెలుసు. వేన్నీళ్ళు పెట్టడం, వీపు నిమరడం తెలుసు. వీధిలో నలుగురూ వచ్చి పలకరిస్తారు. ఈ జబ్బు పేరు ఎవరితో చెప్పుకుంటుంది? ఎక్కడ మొదలుపెడుతుంది? ఓపిక అంతా మామగారి మంచం దగ్గరే అయిపోయినట్టుంది ఆమెకు.

ఇంటికి వచ్చి అడిగింది. మునిరాజు తల వంచుకున్నాడు.

"ఒట్టు తప్పలేదుమా నేను... నువ్వడిగింది గని సంగతి." అని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇక మిగిలింది గోపాలప్ప. తప్పుడు పని చేసినవాణ్ణి గడప తొక్కనివ్వనని ఎన్నోసార్లు అన్న మనిషి! ఆదివారం ఆయన భోజనం చేసి కూర్చున్నాక, కొడుకుకు అడ్డంగా నిలబడి చెప్పింది. ఆయన లేచాడు. ఆమెను పక్కకు తోసి, కొడుకు గడ్డం పట్టి పైకెత్తాడు. కొట్టడానికి ఎత్తిన రెండో చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి ఉండాదే ఈ ఎరుపు? నాకెట్ల తెలీలేదు?"

"నువ్వు పోయేటప్పుడు వాడు నిద్ర. వచ్చేటప్పుడూ నిద్రే. ఇంగ యాడ చూస్తావయ్యా వాని కండ్లు!" ఆ మాటలో కోపం లేదు, అలసటే ఉంది. "నేను దినామూ చూసినాను. చూసి బెల్లం పెట్టినాను."

గోపాలప్ప కుర్చీలో కూలబడ్డాడు. కన్నతండ్రి చావులో కూడా ఆయన ఏడవడం గంగులమ్మ చూడలేదు... ఆ రోజు చూసింది.

మర్నాడు సెలవు పెట్టి కొడుకును తానే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. తర్వాతి రోజులు సుఖంగా గడవలేదు. మునిరాజుకు నిద్ర పట్టేది కాదు. అన్నిటికీ చిరాకే. అవ్వ మీద కూడా కసిరేవాడు. అయినా మెల్లగా తిండి కుదుటపడింది, కళ్ళు తెల్లబడ్డాయి. గంగులమ్మ ఊపిరి పీల్చుకుంది.

ఒక సాయంత్రం ఆమె రాగిముద్ద కెలుకుతుంటే కొడుకు వచ్చి వంటింటి వాకిట్లో నిలబడ్డాడు.

"మా... నిన్న మళ్ళీ తాగినాను."

ఆమె చేతిలోని కట్టె ఆగిపోయింది. పడిన శ్రమంతా ఒక్క మాటతో నేలపాలైనట్టయింది. అరవాలనిపించింది, కానీ అరిచే ఓపిక లేదు. అప్పుడు తట్టింది ఆమెకు... తను అడగలేదు. ఎవరూ అడగలేదు! వాడే వచ్చి చెప్పాడు.

"నాయన వస్తానే ఆయనకీ నువ్వే చెప్పల్ల. నేను పక్కనే ఉంటాను," అంది మెల్లగా. "రా, కూర్చో. వేడిగా ఉండాది, తిను."

కంచం ముందు పెట్టి తానూ ఎదురుగా కూర్చుంది. కన్నీళ్ళు చెంపల మీదికి జారుతున్నా పైట అందుకోలేదు. వాడు చూస్తే చూడనీ అనుకుంది.