తగ్గించిన మోతాదు

టీ గ్లాసు పక్కన క్యాప్సూల్ పెట్టి, విద్యావతి దాన్ని మింగేదాకా శ్యామ్‌సుందర్ అక్కడే నిలబడ్డాడు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మొదటి అంతస్తు ఇల్లు వాళ్లది. కింద కూరగాయల బండివాడి కేకలూ, ప్లాట్‌ఫాం మీది మైకూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"మింగినవా?"

"మింగిన. నోరు తెరిచి చూపియ్యాల్నా?"

ఆయన నవ్వలేదు. అబిడ్స్‌లో ఆయనకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. తెరిచే వేళ దాటిపోతోందని చెప్పులు వేసుకుని, బయట తాళం పెట్టి మెట్లు దిగాడు. కూతురు హాసిని అప్పటికే లక్డీకాపూల్‌లో ఆఫీసుకు వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేదాకా విద్యావతికి ఆ రెండు గదులే లోకం.

నాలుగేళ్ల కింద ఆమెకు సర్పి లేచింది. వీపు మీద మొదలై, ఎడమ పక్క పక్కటెముకల చుట్టూ నీటి పొక్కులు. పొక్కులు మాడిపోయాయి గానీ నొప్పి పోలేదు. కొంగు తగిలినా నిప్పురవ్వ పడ్డట్టు కేక పెట్టేది. నరాల నొప్పి అన్నారు, క్యాప్సూళ్లు రాశారు, మోతాదు పెంచుకుంటూ పోయారు. నొప్పి మొద్దుబారింది. దానితోపాటు మనిషీ మొద్దుబారింది. ఇరవై ఏళ్లు బడిలో హిందీ చెప్పిన విద్యావతికి గరిటెను గరిటె అనడానికి మాట దొరికేది కాదు. అన్నం ముందు కూర్చుని కునికేది. ఒకసారి మెట్ల మీద తూలి పడింది. ఆ మర్నాటి నుంచే ఈ తాళం.

ఈ ఎండాకాలంలో డాక్టర్ నాగరత్నం ఆమెను చాలాసేపు పరీక్షించి, నొప్పి చాలావరకు చల్లబడినట్టుంది, మందు తగ్గించి చూద్దాం అంది. "ఒక్కసారి బంద్ చెయ్యొద్దు. నరాలు ఈ మందుకు అలవాటుపడి ఉన్నయి. కొంచెం తగ్గిస్తం, కొన్ని వారాలు అక్కడనే ఆగుతం, మల్ల కొంచెం తగ్గిస్తం. కష్టమైతే చెప్పుండ్రి, ఓ మెట్టు ఎనకకు పోదాం," అని చెప్పింది. విద్యావతి ఆ రోజు ఆటోలో ఇంటిదాకా భర్త చెయ్యి పట్టుకునే ఉంది.

రెండు మెట్లు దిగింది. మోతాదు సగమైంది. నొప్పి తిరగబెట్టలేదు. కానీ కళ్ల మీది మబ్బు కూడా తొలగలేదు.

"మందు సగానికొచ్చింది హాసినీ. నా బుర్ర గట్లనే ఉంది," అంది ఆ సాయంత్రం, కూతురు ఆఫీసు నుంచి రాగానే. "అంటే తప్పు మందుది కాదు. నాదే. నేనే ఖరాబైపోయిన."

"గట్లనకమ్మా. టైం పడుతదని డాక్టరమ్మ చెప్పలేదా?"

"ఎంత టైం? ఇంగ నేనింతేనేమో. గీ నాలుగ్గోడల నడుమ తింటా, పంటా."

ఆమె ఏడుస్తూంటే శ్యామ్‌సుందర్ గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. వంటింట్లోకి పోయి రాత్రి ఆమెకిచ్చే పాలు పొయ్యి మీద పెట్టాడు.

ఆ వారంలోనే హనుమకొండ నుంచి కబురొచ్చింది. శ్యామ్‌సుందర్ బావగారు పోయారు. అక్కకు కొడుకుల్లేరు, పదకొండో రోజు దాకా ఆయన అక్కడే ఉండాలి. విద్యావతినీ రమ్మని బతిమాలాడు. అంత జనంలో తూలుకుంటూ తిరగలేనని ఆమె ఒప్పుకోలేదు. హాసిని సెలవు పెట్టింది. వెళ్లేముందు ఆయన కూతురి చేతికి ఒక చిన్న స్టీలు డబ్బా ఇచ్చాడు.

"బలానికి పొడి. రాత్రి పాలల్ల ఒక చెంచాడు కలిపియ్యి. మరువకు."

"సరే డాడీ."

"హాసినీ, రోజు ఇయ్యాలె. ఒక్కరోజు కూడా ఇడువొద్దు."

"ఇస్త అంటున్న గద! ఫికర్ చెయ్యకుండ్రి, పోయిరాండ్రి."

ఆయన అటు వెళ్లగానే హాసిని తలుపు బార్లా తెరిచి పెట్టింది. తల్లిని చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఇద్దరూ ఆగి ఆగి నడుస్తూ అబిడ్స్ దాకా వెళ్లారు. విద్యావతి రెండు జాకెట్టు ముక్కలు కొనుక్కుంది. దుకాణంవాడితో బేరమాడబోయి మధ్యలో మాట మరిచిపోయి, తనే నవ్వేసింది. రాత్రి హాసిని పాలు తెస్తే ముఖం చిట్లించింది.

"మీ డాడీ లేడు గద, నన్నిడువు. ఆ చేదు పాలు తాగి తాగి నాకు రోత పుట్టింది."

తల్లి ముఖంలో ఎన్నాళ్లకో కనిపించిన ఆ చిలిపితనం చూసి హాసినికి బలవంతం చేయబుద్ధి కాలేదు. పాలు తనే తాగుదామనుకుంది గానీ, అప్పటికే పళ్లు తోముకుంది. సింకులో పారబోసింది. మరుసటి రాత్రి అసలు కాచనే లేదు.

మూడో రోజు తెల్లవారేసరికి విద్యావతి ఒళ్లంతా చెమట. చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడ కొట్టుకుంటోంది. కంటి మీద కునుకు లేదు. ఎడమ పక్క మళ్లీ మంట రాజుకుంది. కడుపులో తిప్పుతోంది, చెప్పలేని భయం.

"వచ్చిందే... మల్ల వచ్చింది. సగం మందుకే గిట్లుంటే నేనెట్ల బతుకుత? నాకీ జన్మల దీని నుంచి విడుదల లేదు హాసినీ."

హాసిని వణికిపోయి తండ్రికి ఫోన్ చేసింది. సంగతి పూర్తిగా చెప్పకముందే ఆయన అడిగాడు. "పాలిచ్చినవా?"

"అమ్మ గిట్ల కొట్టుకుంటుంటే పాలేంది డాడీ?"

"ఇచ్చినవా లేదా చెప్పు!"

"లేదు. అమ్మ వద్దన్నది. రెండు రాత్రులు ఇయ్యలే."

అవతల ఎవరివో ఏడుపులు, గిన్నెల చప్పుడు. హాసిని గొంతు తగ్గింది.

"డాడీ... ఆ డబ్బాల ఏమున్నది?"

ఆయన చెప్పాడు. పాత చీటీ చూపించి పెద్ద క్యాప్సూళ్లు కొంటున్నాడు. డాక్టర్ తగ్గించినంతా విప్పి, బలం పొడిలో కలిపి, రాత్రి పాలల్లో పోస్తున్నాడు. విద్యావతి మందు ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. ఇప్పుడు ఒక్కసారిగా సగం ఆగిపోయింది.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. విద్యావతి మంచం మీద నుంచి అంతా విన్నది.

హాసిని డాక్టర్ నాగరత్నాన్ని ఫోన్‌లో పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. "తగ్గించుడు గాదిది, సగం ఒక్కసారే గుంజుకున్నట్టయింది. అందుకే ఈ వణుకు, చెమట. ఆ పొడి ముట్టుకోకుండ్రి, అండ్ల ఎంతున్నదో ఎవరికెరుక? అమ్మను జల్ది తీసుకరా, నేను చూడాలె," అంది ఆమె. చూసి, ఇన్నాళ్లూ లోపలికి పోతున్న పాత మోతాదునే మళ్లీ రాసింది. నిలకడ వచ్చాక అందులోంచే మళ్లీ మొదలుపెడదామంది. ఆ రాత్రికి వణుకు తగ్గి విద్యావతి నిద్రపోయింది.

పొద్దున వరంగల్ రైలు దిగి, స్టేషన్ నుంచి నడిచి వచ్చాడు శ్యామ్‌సుందర్. గడ్డం పెరిగింది, కళ్లు గుంటలు పడ్డాయి. మంచం దాకా వచ్చి ఆగిపోయాడు.

"విద్యా..."

"కార్యం కాకముందే ఎందుకొచ్చిన్రు?"

"నువ్విట్లుంటే నేనాడెట్ల ఉంట?"

"నేను నా బుర్ర ఖరాబైందని ఏడ్చిన. ఈ గుమ్మంల నిలబడి విన్నరు మీరు. ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద. చెప్పలే. పోయి పాలు కాసిన్రు."

ఆయన నేల మీద కూలబడ్డాడు. "నువ్వు మరిచిపోయినవు. మందు మైకంల ఆ రోజులన్నీ నీకు మబ్బుమబ్బుగున్నయి. నాకు లేవు. నన్ను చంపెయ్యుండ్రని నువ్వు నా కాళ్లు పట్టుకున్నవు విద్యా. ఆ అరుపులు నా చెవులల్లనే ఉన్నయి. మందు తగ్గియ్యాల్నని డాక్టరమ్మ అనంగనే నా పానం పోయింది. నాతోని కాలే."

"నొప్పి నాదిగద?"

"నీదే."

"భయం మీది. మీ భయానికి మందు నాతోని తాగిపిచ్చిన్రు."

హాసిని తండ్రి వైపు ఒక అడుగు వేసి ఆగింది. విద్యావతి లేచి కూర్చుంది.

"బయట తాళం పెట్టిన్రు, పడుతనని ఊకున్న. లోపల కూడా పెట్టిన్రు. అది నాకు తెల్వనే తెల్వది. నేనే పిచ్చిదాన్నయిన అనుకున్న. మీరు పక్కన కూసొని, నన్ను అట్లనే అనుకోనిచ్చిన్రు. అది నాకు సర్పి కంటె ఎక్కువ మండుతున్నది."

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. విద్యావతి హాసినిని పిలిచి, డాడీకి అన్నం పెట్టమంది. మధ్యాహ్నం ఆయన్ను హనుమకొండకు తిరిగి పంపింది. అక్కను నడుమ ఇడిచిపెట్టి రావొద్దని, అంతే అంది.

ఆయన తిరిగొచ్చాక ముగ్గురూ డాక్టర్ దగ్గరికి వెళ్లారు. నాగరత్నం ఆయన్ను గట్టిగానే కోప్పడింది. ఈసారి మెట్లు ఇంకా చిన్నవి చేసింది. "మందు ఎవరు తీసియ్యాలె?" అనడిగింది. "నేనే తీస్కుంట," అంది విద్యావతి. శ్యామ్‌సుందర్ తలూపాడు. తాళంచెవిని ఆ రోజే ఆమె చేతిలో పెట్టాడు.

వానాకాలమంతా పట్టింది. ఒక మెట్టు దగ్గర నిద్ర రాక వారం రోజులు సతమతమైతే, వెనక్కి ఎక్కి కొన్నాళ్లు ఆగింది. మరో మెట్టు సునాయాసంగా దిగింది. మాటలు ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలైంది. అన్నం తింటూ కునకడం మానేసింది. భర్తతో అవసరమైనంతే మాట్లాడేది. ఆయన కూడా మాఫీ అడగడం మానేశాడు, అడిగితే ఆమె విసుక్కుంటోందని.

దసరా ముందు ఒక సాయంత్రం, బాగా తగ్గిన మోతాదు మీద ఉండగా, నొప్పి వచ్చింది. బియ్యం ఏరుతున్న విద్యావతి చాట పక్కకు నెట్టి, ఎడమ పక్క పట్టుకుని గోడకు ఆనుకుంది. పళ్లు బిగపట్టింది. శ్యామ్‌సుందర్ చటుక్కున లేచాడు. మందుల డబ్బా ఉన్న అలమర వైపు చూశాడు. ముఖం పాలిపోయింది.

"విద్యా, ఒక్కటి... ఒక్కటి తీస్కోరాదు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "కూసోండి."

"నాతోని కాదు..."

"అయితది. కూసోండి నా పక్కన."

కూర్చున్నాడు. ఆమె ఆయన చేయి అందుకుని గట్టిగా పట్టుకుంది. గోళ్లు గుచ్చుకున్నా ఆయన కదల్లేదు. ఆమె మూలుగుతుంటే ఆయన కళ్ల నుంచి నీళ్లు కారాయి. కింద సందులో పిల్లలెవరో సైకిలు కోసం కొట్లాడుకుని, రాజీపడి, వెళ్లిపోయారు. నెమ్మదిగా ఆమె పిడికిలి సడలింది. ఊపిరి దారిలో పడింది. నుదుటి చెమట కొంగుతో తుడుచుకుంది.

"పోయిందా?" అన్నాడాయన, నమ్మలేక.

"పోయింది."

"దానంతట అదే?"

"దానంతట అదే."

నొప్పి రావడమే ఎరిగినవాడు ఆయన. అది పోవడం ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆగి చూడలేదు. భార్య భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. గోళ్ల గుర్తులు పడ్డ ఆయన చేతిని విద్యావతి తన ఒళ్లోకి తీసుకుని, మెల్లగా రుద్దుతూ కూర్చుంది.