మైనస్ తొమ్మిదికి బ్రౌన్ అద్దాలు

"రాడార్ శాస్త్రవేత్త కనకరత్నాన్ని ఎత్తుకుపోయారు," అన్నాడు చీఫ్ రాజారత్నం. "బాపట్లలో, పట్టపగలు! ఎల్లుండి పొద్దున రేపల్లె అవతల సముద్రంలో ఆయన్ని విదేశీ ఓడకు అప్పగిస్తారు. ఏ బోటులోనో తెలీదు. ఒక్క బోటునే ఆపగలం. అది తప్పు బోటైతే ఆయన మనకు దక్కడు."

"నేను చూసుకుంటాను సార్."

"ఎండలో నీకు కళ్ళు తెరుచుకోవుగా! ముందు తెనాలి వెళ్ళు. కళ్ళజోళ్ళ షాపు రాధారాణి మన మనిషే."

ఏజెంట్ వీరేంద్రకు ఒళ్ళు మండింది. డిపార్ట్‌మెంట్ పిస్టల్ ఇస్తుంది, గుండీలో దాచే మైకు ఇస్తుంది. మైనస్ తొమ్మిది పవర్‌కు చలువ కళ్ళజోడు మాత్రం ఇవ్వలేదు.

తెనాలి షాపులో రాధారాణి పట్టుచీర కట్టి, సెంటు కొట్టుకుని, గ్రే చలువ కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. ఆ అద్దాల అంచులు వీరేంద్ర అద్దాలంత మందం.

"ఎండ మండిపోతోందండి," అన్నాడు వీరేంద్ర. అది కోడ్.

"మా తెనాలిలో నీడకి కొదవేంటండి?" అంది. అది జవాబు.

"పోలరైజ్డ్ కావాలి. నీళ్ళ మీది తళుకు కళ్ళల్లో గుచ్చుకోకూడదు. టింట్ గ్రే. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి."

"మీ పవర్‌కి గ్రే రాదండి, బ్రౌనే వస్తది. నచ్చకపోతే మార్చిస్తాం కదండీ!" అని నవ్వింది.

ఆ నవ్వుకు వీరేంద్ర తల ఊపేశాడు.

చెప్పిన రోజు చేపల బేరగాడి వేషంలో, మోటారు పడవలో ఒంటరిగా సముద్రం మీదికి వెళ్ళాడు. కోస్ట్ గార్డ్ దళం కనుచూపు మేరకు అవతల పొంచి ఉంది. లుంగీ కంపు, డీజిల్ కంపు, నిన్నటి రొయ్యల కంపు. కొత్త కళ్ళజోడుతో నీటి మీది తళుకు మాత్రం నిజంగానే మాయమైంది.

ఫోన్‌కు చీఫ్ మెసేజ్ వచ్చింది. స్క్రీన్ నల్లగా కనిపించింది. పోలరైజ్డ్ అద్దాలతో ఇదో దరిద్రం. ఫోన్ అడ్డంగా తిప్పితే అక్షరాలు తేలాయి. ముఠా బోటుకు తెల్ల జెండా, మిగతావాటికి లేత పసుపు.

తలెత్తి విదేశీ ఓడ చుట్టూ ఉన్న బోట్ల జెండాలు చూశాడు. అన్నీ పసుపే! బ్రౌన్ అద్దంలో తెలుపూ పసుపుగానే కనిపిస్తోంది.

గ్రే రాదన్న మనిషి, తనంత పవర్‌కు గ్రే అద్దాలే పెట్టుకుంది. మందపాటి అంచులు ఎదురుగా కనిపిస్తున్నా పట్టులో, సెంటులో పడి కొట్టుకుపోయాడు. ఛీ! తన మీద తనకే రోత పుట్టింది.

"ఏ బోటు?" చెవిలో చీఫ్ గొంతు. ఎదురుగా ఓడ అప్పుడే కొక్కెం దించుతోంది.

వీరేంద్ర కళ్ళజోడు పీకేశాడు. ఎండకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బోట్లూ మనుషులూ అలికేసినట్టయ్యారు. జెండాలు ఉత్త మచ్చలు. కానీ మచ్చకైనా రంగుంటుంది. పసుపు, పసుపు, పసుపు... ఎడమ చివర తెలుపు!

"ఎడమ చివరది సార్!"

బోటులోని పెద్ద ఐస్ పెట్టెకు కొక్కెం తగిలించే లోపు కోస్ట్ గార్డ్ ఆ బోటును చుట్టుముట్టింది. పెట్టెలో చందువా చేపలు, వాటి కింద వణుకుతూ కనకరత్నం, మీసాల నిండా పొలుసులు. ప్రాణమున్న మనిషిని చేపల కింద పాతిపెట్టిన ఆ ముఠా ముఖాలు చూడటానికి కూడా వీరేంద్రకు అసహ్యం వేసింది.

సాయంత్రం బాపట్ల స్టేషన్లో రైలెక్కబోతూ రాధారాణి దొరికింది.

"కళ్ళజోడు ఎలా ఉందండి?" అంది, ఇంకా నవ్వుతూనే.

వీరేంద్ర ఆమె ముఖం మీది గ్రే అద్దాలు తీసుకుని, బ్రౌన్ జోడు ఆమె చేతిలో పెట్టి, ఆ చేతులకే బేడీలు వేశాడు.

"పవర్ బాగానే కుదిరిందండి. టింటే నచ్చలేదు. మార్చిస్తామన్నారుగా!"