చెమర్చిన లింగం

మచిలీపట్నంలోని ఆ చిన్న ఆఫీసులో ఫ్యాను జోరుగా తిరుగుతోంది. అయినా అర్చకుడు శేషగిరి నుదుటి మీది విభూతి తడిసి ముక్కు మీదికి జారుతోంది.

"మా శివాలయంలో లింగానికి చెమట పడుతోందమ్మా. తెల్లారి తలుపు తీసేసరికి స్వామి నిలువునా తడిసి ఉంటున్నాడు. లింగం చెమరిస్తే ఉప్పెన వస్తుందని మా ఊళ్లో పెద్దల మాట. జనం పొలాలు వదిలేసి పోతున్నారు."

డిటెక్టివ్ ఉమాశ్రీ అతని నుదుటివంకే చూస్తూ అడిగింది. "చెమట పట్టని రోజుందా?"

"ఉందండీ. నేను మోపిదేవి వెళ్లినప్పుడు మా తమ్ముడు తన సామాను తెచ్చుకుని పూజ చేశాడు. ఆ మర్నాడు లింగం పొడిగా ఉంది. అంతా నా పాపమేనంటున్నారు."

కారెక్కగానే అసిస్టెంట్ డేనియల్ ఆగలేకపోయాడు. "ఆయన లేనప్పుడే ఆగిందంటే, ఆయనే చేస్తున్నట్టు కదా మేడం?"

"లేదా ఆయన చేతికి ఎవరో అందిస్తున్నది చేస్తోంది."

శేషగిరి ఊరు పెదలింగవరంలో సత్యవతమ్మ ఇంటి ముందు ట్రాక్టర్లో మంచాలు ఎక్కిస్తున్నారు. చిన్నప్పుడు ఉప్పెనలో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న మనిషి ఆమె. పొలాన్ని రొయ్యల చెరువు వేసుకోవడానికి కాంతారావుకి లీజుకిచ్చేస్తోంది.

ఆ కాంతారావు గుడి మండపంలోనే ఎదురయ్యాడు. అంత ఉక్కలోనూ నుదుట మూడు విభూతి రేఖలు తెల్లగా, పొడిగా ఉన్నాయి. "స్వామి సేవకని విభూతి నేనే ఇస్తున్నానండీ" అన్నాడు వినయంగా.

ఉమాశ్రీ గర్భగుడి నుంచి ఆ విభూతి కొంత తెచ్చుకుంది. డేనియల్‌ని కాంతారావు చెరువుగట్టు షెడ్డుకి పంపింది. అక్కడ మూతి విప్పిన తెల్లపొడి సంచి, దాని కింద నీటి మడుగు, పక్కనే విభూతి డబ్బాలు. డేనియల్ ఫోటోలు తీశాడు కానీ, వాటి అర్థం అతనికి తెలియలేదు.

సాయంత్రం ఊరంతా మండపంలో చేరింది. మధ్యలో రెండు నల్లరాళ్లు.

"మధ్యాహ్నం ఒకదానికి శేషగిరిగారి తమ్ముడి విభూతి పూశాను. రెండోదానికి కాంతారావుగారిది" అంది ఉమాశ్రీ.

మొదటి రాయి పొడిగా ఉంది. రెండోది ధారలు కారుతోంది.

"రొయ్యల చెరువుల్లో చల్లే ఉప్పుపొడి ఇది. గాల్లో తేమ పీల్చి నీరవుతుంది. అది విభూతిలో కలిసింది."

"బజార్లో కొన్నానండీ. కల్తీ అయితే నాకేం తెలుసు?" అన్నాడు కాంతారావు.

"మరి ఆ విభూతి మీరెందుకు పెట్టుకోవడం లేదు? పూజారిగారి నుదుట జారిపోయింది, మీ నుదుట చెక్కుచెదరలేదు. దేవుడికొకటి, మీకొకటా? ఇదిగో, పెట్టుకుని కూర్చోండి."

కాంతారావు చెయ్యి చాపలేదు. డేనియల్ తన ఫోన్లో షెడ్డు ఫోటోలు చూపించగానే అతను తలొంచేశాడు. శేషగిరి స్తంభానికి ఆనుకుని మౌనంగా ఏడ్చాడు. అతన్ని అనుమానించినందుకు డేనియల్‌కి సిగ్గేసింది.

అప్పుడు సత్యవతమ్మ లేచింది.

"ఆ ఉప్పెన ముందు లింగం చెమర్చడం నేను చూళ్లేదు. ఎవరు చూశారో కూడా తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే. మా నాన్న ఈ తలుపు బద్దలుకొట్టి నన్ను లోపలికి తోశాడు. ఈ గోడలే నన్ను బతికించాయి." ఆమె కాంతారావువైపు తిరిగింది. "నా పొలం నీకివ్వను."

ఆమె కొంగు నడుముకి దోపింది.

"నారు ముదిరిపోతోంది. రేపు నాట్లకి ఎవరెవరొస్తారో చెప్పండి."